హైఫను, డాష్: శాస్త్రరచనలో గీతల మాత్రాభేదము

'కలము' అని వ్రాయవలసినచోట 'కాలము' అని వ్రాసిన విద్యార్థిని ఏ ప్రాచ్యకళాశాల అధ్యాపకుడును క్షమింపడు. ఒక్క మాత్ర హెచ్చినంతనే అర్థము మారిపోవునని ఎఱ్ఱసిరాతో దిద్ది చూపును. హ్రస్వ దీర్ఘ ప్లుతముల కాలపరిమాణమును పాణిని అష్టాధ్యాయి 1.2.27 సూత్రమున నిర్వచించెను. మాత్రను గూర్చిన అట్టి జాగరూకత సంస్కృతాంధ్ర విద్వాంసులకు ఊపిరివంటిది. కాని ఆ విద్వాంసుల వ్యాసములే అచ్చులోనికి వచ్చునప్పటికి, వానిలోని అడ్డగీతలన్నియు ఒకే పొడవున నుండును. సమాసములోని పదములను కలుపుటకును, పంక్తి చివర పదమును విఱుచుటకును, సంఖ్యల నడుమ 'నుండి, వరకు' అను అర్థమును తెలుపుటకును, ఆశ్వాససంఖ్యను పద్యసంఖ్యను వేఱుచేయుటకును, వాక్యమును మధ్యలో నిలుపుటకును ఆ పొట్టిగీత ఒక్కటియే నియుక్తమగుచున్నది.

ఇది అలంకారమాత్రమైన విషయమని కొందఱి అభిప్రాయము. అట్లు కాదనుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఒక వ్యాసములో 'ఆది. 1-26' అని సందర్భసూచన ఉన్నదనుకొనవచ్చును. అది ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున ప్రథమాశ్వాసములోని 26వ పద్యమా? లేక 1వ పద్యము మొదలు 26వ పద్యము వఱకు గల భాగమా? ఆదిపర్వము ఎనిమిది ఆశ్వాసముల గ్రంథము కనుక మొదటి అర్థమే అభిప్రేతమని తెలిసినవారు ఊహింతురు. కాని ఊహింపవలసిన సందర్భసూచన సందర్భసూచన కానేరదు. పరిశోధనావ్యాసమునకు ప్రాణము ఆకరనిర్దేశము. పాఠకుడు మూలమును తెఱచి చూచి వ్యాసకర్త మాటను సరిచూచుకొనగలిగినప్పుడే ఆ వ్యాసమునకు ప్రామాణ్యము. ఒక గీత పొడవు తెలియక ఆ మార్గము మూసికొనిపోవుట చిన్న నష్టము కాదు.

గీతలు మూడు

ముద్రణకళలో అడ్డగీతలు ప్రధానముగా మూడు. మొదటిది హైఫను (-). ఇది మిక్కిలి పొట్టిది. పదములను కలుపుటయు, పంక్తి చివర విఱిగిన పదము మఱుసటి పంక్తిలో కొనసాగునని తెలుపుటయు దీని పనులు. రెండవది ఎన్ డాష్ (–). ఇది సంఖ్యల నడుమ అవధిని తెలుపును. సి. పి. బ్రౌను జీవితకాలము 1798–1884 అని వ్రాయునపుడు ఉండవలసినది ఈ గీతయే. మూడవది ఎమ్ డాష్ (—). ఇది వాక్యగతిని ఆపి ఒక మాటను చేర్చుటకో, వాక్యమును హఠాత్తుగా మలుపుటకో ఉపయోగించును. అచ్చు అక్షరముల పరిమాణము ఎన్ని పాయింట్లో సాంప్రదాయికముగా ఎమ్ డాష్ పొడవు అన్ని పాయింట్లు. 12 పాయింట్ల అచ్చులో అది 12 పాయింట్లుండగా ఎన్ డాష్ అందులో సుమారు సగముండును. హైఫను అంతకంటెను పొట్టిది. హ్రస్వ దీర్ఘ ప్లుతములను ఏక ద్వి త్రిమాత్రలుగా గుర్తించు విద్వాంసులకు ఈ తారతమ్యము క్రొత్తది కాదు.

సీసపు అక్షరములను చేతితో కూర్చిన కాలమున ఈ మూడును వేర్వేఱు దిమ్మెలు. కంపోజిటరు పెట్టెలోని వేర్వేఱు గదుల నుండి వానిని తీసికొనెడివాడు. ఈ భేదమును తుడిచిపెట్టినది టైపురైటరు. అందు ప్రతి గుర్తునకును ఒకే వెడల్పు; మీటలు పరిమితములు. కనుక ఒక్క మీటయే హైఫనుగాను, డాషుగాను, గణితములోని ఋణచిహ్నముగాను పనిచేసెను. డాష్ కావలసినపుడు ఆ మీటను రెండుసార్లు కొట్టుట ఆచారమయ్యెను. 1963లో వెలువడిన ఆస్కీ అను అమెరికా సంకేతప్రమాణము ఆ ఏర్పాటునే కంప్యూటరునకు సంక్రమింపజేసి, 45వ స్థానమున ఒకే గుర్తును హైఫనునకును ఋణచిహ్నమునకును ఉమ్మడిగా ఉంచెను. నేటి కీబోర్డుపై కనబడు గీత ఆ ఉమ్మడి గుర్తే.

1991లో తొలిసారి ప్రకటింపబడిన యూనికోడ్ ప్రమాణము ఈ గుర్తులకు మరల వేర్వేఱు స్థానములు కల్పించినది. ఎన్ డాషునకు 2013, ఎమ్ డాషునకు 2014, విఱుగని హైఫనునకు 2011, గణితములోని ఋణచిహ్నమునకు 2212 అను షోడశాంశసంఖ్యలు ఏర్పడినవి. కాబట్టి నేడు గుర్తులు లేవని చెప్పుటకు వీలులేదు. ఉన్నవానిని వాడు అలవాటు మాత్రమే లేదు. టైపురైటరు మూలబడిన తరువాత కూడ దాని దారిద్ర్యమును కంప్యూటరుపై మోయుట ఏమి న్యాయము?

శాకల్యుని అవగ్రహము

హైఫను విదేశీయచిహ్నము గదా, దానికి ఇంత నియమమేల అను ఆక్షేపణ వినబడుచుండును. చిహ్నము విదేశీయమే. ఒకటిగా, కలిపి అను అర్థము గల గ్రీకు మాట నుండి దానికి ఆ పేరు వచ్చినది. కాని సమస్తపదము లోపలి విభాగమును గుర్తించి చూపు పని భారతదేశమునకు పరాయిది కాదు. ఋగ్వేదమునకు పదపాఠము కూర్చిన శాకల్యుడు సమాసములలోని పూర్వోత్తరపదములను అవగ్రహముచే వేఱుచేసి చూపెను. శుక్లయజుర్వేద ప్రాతిశాఖ్యము సమాసమునందలి అవగ్రహవిరామము హ్రస్వమునకు పట్టు కాలమంత అని నిర్ణయించినది. అనగా పదములోపలి విరామమునకు సైతము మాత్రను లెక్కించిన సంప్రదాయమిది. ఆ సంప్రదాయమునకు వారసులైనవారు పదములోని విరామమునకును వాక్యములోని విరామమునకును భేదము పాటింపమనుట వారి యింటి ధర్మమును వారికి గుర్తుచేయుటయే.

అంతేకాదు. పదవిభాగము కేవలము లేఖనసౌకర్యము కాదనియు, అది వ్యాఖ్యానమేననియు ప్రాచీనులకు తెలియును. శాకల్యుడు రెండు పదములుగా విడదీసిన ఒక రూపమును యాస్కుడు నిరుక్తము షష్ఠాధ్యాయమున అంగీకరింపక, దానిని ఏకపదముగా గ్రహించెను. మహాభాష్యకారుడు మఱియొక అడుగు ముందునకు వేసి, పదకారులే లక్షణమును అనుసరింపవలెను గాని లక్షణము పదకారులను అనుసరింపరాదని తీర్పు చెప్పెను. ఎక్కడ విడదీయవలెనన్న ప్రశ్నకు సమాధానము శాస్త్రము నుండి రావలెనని దీని సారము. నేడు ఆ పదకారుల స్థానమున కూర్చున్నది పదసంస్కరణ సాఫ్ట్‌వేరు. అది తనకు తోచినట్లు గీతలు మార్చుచుండగా విద్వాంసులు దానిని అనుసరించుట భాష్యకారుని తీర్పునకు తలక్రిందుల వ్యవహారము.

ప్రమాదస్థానములు

మొదటి ప్రమాదస్థానము సంఖ్యానిర్దేశము. ఆదిపర్వమున కలిగిన చిక్కే వ్యాకరణగ్రంథములందును కలుగును. 'బాల. 6-5' అనగా బాలవ్యాకరణము షష్ఠమైన సమాసపరిచ్ఛేదములోని 5వ సూత్రమని ఒకరు గ్రహింతురు. అంకెలు తాఱుమాఱైన సూత్రావధియేమో అని మఱియొకరు సందేహింతురు. 'అష్టా. 6-1-77-101' అని అచ్చైనచో నాలుగు అంకెలలో ఏది అధ్యాయము, ఏది పాదము, ఏది సూత్రము, ఎక్కడ అవధి అని విడదీసికొనుట పాఠకుని పనియగును. అదియే 'అష్టా. 6.1.77–101' అని ఉన్నచో షష్ఠాధ్యాయము ప్రథమపాదమున 77వ సూత్రము మొదలు 101వ సూత్రము వఱకు అని నిస్సందేహముగా తెలియును. అంతర్విభాగమునకు బిందువు, అవధికి ఎన్ డాష్ అను రెండు నియమములు పాటించినచో ఈ గందరగోళము సమసిపోవును. వాక్యము నడుమ నైనచో '77వ సూత్రము నుండి 101వ సూత్రము వఱకు' అని తెలుగులో వ్రాయుటయే మేలు. '1852 నుండి – 1858 వఱకు' అని మాటయు గీతయు రెండును వాడుట పునరుక్తి.

రెండవది సమాసము. తెలుగు ద్వంద్వసమాసమున పరుషములకు గసడదవాదేశము కలుగును. 'తల్లిదండ్రులు', 'అన్నదమ్ములు' అను రూపములలో ఆ దకారమే సమాసమునకు సాక్షి. అట్టిచోట 'అన్న-దమ్ములు' అని గీత పెట్టుట అనావశ్యకము. 'తల్లి-తండ్రులు' అని వ్రాయుట మఱింత చెఱుపు, ఏలనగా గీత పెట్టినంతనే ఆదేశము అక్కఱలేదను భ్రాంతి కలుగుచున్నది. ఒక గుర్తు వ్యాకరణకార్యమును ఆపజాలదు. హైఫనునకు తెలుగున న్యాయమైన చోట్లు కొలదిగానే ఉన్నవి: 'తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు' అనునట్లు సంధి చేసిన రెండు పేరులును గుర్తుపట్టరాని స్థితి కలుగుచోటను, విద్యార్థుల కొఱకు సమాసవిభాగమును చూపుచోటను. '6-వ', 'చిన్న-చిన్న' మున్నగువానియందు దానికి పనియే లేదు.

సంస్కృతమున ఈ విషయము మఱింత సూక్ష్మము. 'నదీన' అను రూపమును 'న-దీన' అని విడదీసిన దీనుడు కానివాడని అర్థము. 'నదీ-ఇన' అని విడదీసిన నదులకు ప్రభువు, అనగా సముద్రుడు. సభంగశ్లేషకు ఇట్టి రూపములే జీవము. పింగళి సూరన రాఘవపాండవీయము వంటి ద్వ్యర్థికావ్యమును పరిష్కరించువారు చదువరికి సుగమమగునని మూలపద్యములోనే హైఫనులు పెట్టినచో, రెండర్థములలో ఒకదానిని తామే తీసివైచినవారగుదురు. వ్యాఖ్యలో చెప్పవలసిన మాటను మూలములో దూర్చుట పాఠపరిష్కరణ ధర్మము కాదు. తాళపత్రమున పదముల నడుమ ఖాళీయే లేదు, గీత ఎక్కడిది? మూలమున గీత కనబడినచో అది పరిష్కర్త కల్పించినదే. ఆ విషయమును పీఠికలో తెలుపని ముద్రణము పాఠకుని నమ్మకమునకు ద్రోహము చేసినట్లే.

పాశ్చాత్యకోశకారులలో కొందఱు ఈ విషయమున చూపిన శ్రద్ధ గమనింపదగినది. 1899లో వెలువడిన మోనియర్ విలియమ్స్ నిఘంటువు రోమను లిపిలో సమాసావయవములను హైఫనుచే చూపుచు, అచ్సంధిచే రెండు స్వరములు ఏకమైనచోట వేఱొక గుర్తును అక్షరముపై ఉంచినది. ఊరక విడదీయుట వేఱు, సంధికార్యము జరిగినచోటును సూచించుట వేఱు అని ఆ గుర్తులే చెప్పుచున్నవి. తెలుగులో 'రామ + ఆలయము = రామాలయము' అని సంధిని సంకలనచిహ్నముతో చూపు పద్ధతి ఉన్నది. సంధికి ఆ చిహ్నమును, సమాసవిభాగమునకు హైఫనును వాడుకొనినచో రెండును కలగాపులగము కావు.

మూడవది పంక్తి చివరి విఱుపు. ఈ సందర్భమున హైఫనుతో పదార్థమునకు సంబంధము లేదు. అక్షరము సరిహద్దుగా పదము విఱుగును. 'సంస్కృతము' అను పదము 'సం' తరువాత విఱుగవచ్చును గాని సంయుక్తాక్షరమైన 'స్కృ' నడుమ విఱుగరాదు. 'రామాలయము' పంక్తి చివర 'రామా-లయము' అని విఱుగుట దోషము కాదు. అదే రూపము పంక్తి మధ్యమున కనబడినచో విద్యార్థి 'రామా', 'లయము' అని పదవిభాగము చేయును. అట్లు కనబడుటకు కారణము స్పష్టము. టైపు చేయువారు పంక్తి చివర మామూలు హైఫనును కొట్టుదురు. తరువాత ఒక మాట చేర్చినంతనో, పుట వెడల్పు మార్చినంతనో పంక్తులు జరుగును. హైఫను మాత్రము జరిగిన పదములో అట్లే నిలిచిపోవును. దీనికై ఏర్పడినదే ఐచ్ఛికమైన హైఫను. అది పదము పంక్తి చివరకు వచ్చినపుడే కనబడును, లేనిచో అదృశ్యముగా నుండును. వ్యాకరణములోని అనుబంధము వలె కార్యకాలమున పనిచేసి ప్రయోగమున కనబడనిదిది.

నాలుగవది సాఫ్ట్‌వేరు చేయు స్వయంసవరణ. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఈ ఏర్పాటు పనిచేయుచున్నపుడు హైఫనునకు ఇరుప్రక్కల ఖాళీ విడిచి తరువాతి మాటను టైపు చేసినచో అది ఎన్ డాషుగా మారును. ఖాళీ లేకుండ మాటల నడుమ రెండు హైఫనులను కొట్టినచో ఎమ్ డాషుగా మారును. 'శబ్దార్థ-విచారము' అని ఉండవలసిన పేరును 'శబ్దార్థ - విచారము' అని ఖాళీలతో కొట్టినచో యంత్రము నడుమ డాషును పెట్టి ఒక సమాసమును రెండు మాటలుగా చీల్చును. ఒకే వ్యాసములో ఒకచోట హైఫను, మఱియొకచోట డాష్ కనబడుటకు వ్యాసకర్త అభిప్రాయభేదము కారణము కాదు. వ్రేలు ఖాళీమీటపై పడుటయో పడకుండుటయో కారణము. సంఖ్యల నడుమ ఖాళీ లేకుండ కొట్టిన హైఫనును యంత్రము మార్చదు. సరిగా అవసరమైనచోట యంత్రసహాయము లేదు, అనవసరమైనచోట ఉన్నది.

ఐదవది విసర్గతో ఏర్పడు సంకరము. తెలుగు గ్రంథములలో 'ఉదా:-', 'గమనిక:-' అని కోలనునకు ప్రక్కన గీత పెట్టుట పాతకాలపు అలవాటు. కోలను ఒక్కటియే చాలును, గీత అనావశ్యకము. కాని అసలు చిక్కు వేఱు. కోలను ఉండవలసినచోట విసర్గను పెట్టి 'ఉదాః' అనియు, విసర్గ ఉండవలసినచోట కోలనును పెట్టి 'రామ:' అనియు టైపు చేయుట విస్తారముగా కనబడుచున్నది. కంటికి రెండును రెండు చుక్కలే. యంత్రమునకు ఒకటి తెలుగు వర్ణము, మఱియొకటి విరామచిహ్నము. కోలనుతో ముద్రితమైన 'రామ:' అను రూపము విసర్గతో వెదకువారికి దొరకదు. అవగ్రహము స్థితియు ఇట్టిదే. తెలుగు అవగ్రహమునకు యూనికోడ్‌లో స్థానము 2008లో వెలువడిన 5.1 ప్రమాణముతో లభించినది. 'కోఽపి' అను రూపమును సరిగా టైపు చేయు వీలు ఉండగా ఆకృతిసామ్యముచే ఎస్ అను ఆంగ్లాక్షరమును అచ్చట నిలుపుట ఇక తగదు.

ఆఱవది అన్యదేశ్యముల లేఖనము. హలంతమునకు తరువాత హల్లు వచ్చినచో యంత్రము రెండింటిని కలిపి ఒత్తు వేయును. దానిని ఆపుటకు కొందఱు 'సాఫ్ట్-వేర్' అని నడుమ హైఫనును పెట్టుచున్నారు. కూడికను ఆపుటకు యూనికోడ్‌లో వెడల్పు లేని ఒక అసంయోజక సంకేతము కలదు. అది కనబడదు, 'సాఫ్ట్‌వేర్' అని పొల్లును మాత్రము నిలుపును. కలుపుటకు పుట్టిన హైఫనును కలియకుండ చేయుటకు వాడుట విరుద్ధవినియోగము.

మీటల పరిచయము

ఇవి టైపు చేయుట కష్టమని భయపడనక్కఱలేదు. విండోస్‌పై పనిచేయు మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కంట్రోల్ మీటను పట్టి, కీబోర్డు కుడిప్రక్క సంఖ్యాఫలకముపై నుండు ఋణచిహ్నపు మీటను నొక్కిన ఎన్ డాష్ వచ్చును. కంట్రోల్, ఆల్ట్ రెంటిని పట్టి ఆ మీటనే నొక్కిన ఎమ్ డాష్ వచ్చును. కంట్రోల్ పట్టి మామూలు హైఫను మీటను నొక్కిన ఐచ్ఛికమైన హైఫను, కంట్రోల్, షిఫ్ట్ రెంటితో నొక్కిన విఱుగని హైఫను వచ్చును. ఆల్ట్ పట్టి సంఖ్యాఫలకముపై 0150 కొట్టిన ఎన్ డాష్, 0151 కొట్టిన ఎమ్ డాష్ వచ్చుటయు కలదు. మాకింటోష్ కంప్యూటరుపై ఆంగ్ల కీబోర్డులో ఆప్షన్ మీటతో హైఫనును నొక్కిన ఎన్ డాష్, దానికి షిఫ్ట్ చేర్చిన ఎమ్ డాష్ లభించును. డొనాల్డ్ క్నూత్ నిర్మించిన టెక్ అను అక్షరకూర్పు వ్యవస్థలో ఒక హైఫను హైఫనుగాను, వరుసగా రెండు ఎన్ డాషుగాను, మూడు ఎమ్ డాషుగాను పరిణమించును. ఏకమాత్ర, ద్విమాత్ర, త్రిమాత్ర అని సంధ్యావందనమునాడే నేర్చిన విద్యార్థికి దీనికంటె సులభమైన సూత్రము ఉండబోదు.

ఆక్షేపణలు, సమాధానములు

సందర్భమును బట్టి అర్థము తెలియును గదా అని ఒక ఆక్షేపణ. నిజమే, చదువు నేర్చినవానికి పెక్కుచోట్ల తెలియును. కాని పరిశోధనపత్రిక నేర్చినవాని కొఱకు మాత్రమే వెలువడదు. ఇరువది యేండ్ల తరువాత ఆ సంచికను తెఱచు విద్యార్థి కొఱకును వెలువడును. మఱియు నేడు ముద్రితగ్రంథమునకు మనుష్యుడొక్కడే పాఠకుడు కాడు. పాత సంచికలను బొమ్మలుగా తీసి యంత్రముచే అక్షరములుగా మార్చుచున్నారు. పంక్తి చివర నున్న గీతను తొలగించి పదమును కలుపవలెనా, సమాసమునకు చెందినదని నిలుపవలెనా అని నిర్ణయింపవలసినపుడు యంత్రమునకు సందర్భజ్ఞానము అరుదు. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకృతులను నిలిపిన పాత ఖతులలో కూర్చిన వ్యాసములను యూనికోడ్‌లోనికి మార్చునపుడు విరామచిహ్నములను మరల ఒక్కొక్కటిగా సరిచూడవలసి వచ్చుచున్నది. మూలప్రతిలో భేదము పాటించి యున్నచో ఆ పరిశీలన తేలిక. లేనిచో సంశయము తరతరములకు సంక్రమించును.

ఇది డి.టి.పి. కేంద్రమువారి పని గాని పండితుల పని కాదని రెండవ ఆక్షేపణ. కంపోజిటరు ఉన్న కాలమున ఈ మాటకు కొంత బలముండెను. అతడు వృత్తిలో శిక్షణ పొందినవాడు. నేడు పెక్కుమంది వ్యాసకర్తలు తామే టైపు చేసి పంపుచున్నారు. తొలి టైపునకు, ముద్రణమునకు నడుమ గీతల తారతమ్యము తెలిసినవాడు ఒక్కడును లేకపోవచ్చును. అదికాక, 'నదీన' శబ్దమున గీత ఎక్కడ ఉండవలెనో, అసలు ఉండవలెనో కూడదో చెప్పవలసినవాడు శాస్త్రజ్ఞుడే గాని టైపిస్టు కాడు.

ఇంత సూక్ష్మత ఆంగ్లమునకు తగును గాని తెలుగునకు అతి యగునని మూడవ ఆక్షేపణ. ఇందు కొంత సత్యమున్నది. ఆంగ్లపత్రికల నియమావళులన్నిటిని యథాతథముగా తెలుగున దింపనక్కఱలేదు. ముఖ్యముగా ఎమ్ డాషునకు తెలుగువాక్యమున అంత అవసరము కనబడదు. ఆంగ్లము డాషుచే సాధించు పనిని తెలుగు 'అనగా', 'అని', 'కాని' మున్నగు అవ్యయములచే సాధించుకొనును. క్రియాంతమైన వాక్యమున అసమాపకక్రియలే విరామములను నిర్దేశించును. వాక్యము నడుమ నిజముగా గీత కావలసినపుడు ఇరుప్రక్కల ఖాళీ విడిచిన ఎన్ డాష్ చాలును. ఖాళీ లేని ఎమ్ డాష్ రెండు దీర్ఘసమాసముల నడుమ పడినపుడు విడదీయుటకు మాఱుగా కలుపుచున్నట్లు తోచును. ఉదాహృతపద్యము క్రింద కవి పేరునకు ముందు మాత్రము ఎమ్ డాషును నిలుపుకొనవచ్చును. అనగా తెలుగునకు కావలసినది గీతల సంఖ్యను పెంచుట కాదు. ఉన్న గీతలలో అనావశ్యకమైనవానిని తొలగించి, మిగిలినవానిని తమ తమ స్థానములలో నిలుపుట.

కర్తవ్యము

ప్రాచ్యకళాశాలల పరిశోధనపత్రికలు ఈ విషయమున ఒక పుటకు మించని లేఖననియమావళిని ప్రతి సంచికలోను వ్యాసకర్తల సూచనలతోపాటు ప్రకటించుట యుక్తము. అందు ఉండవలసిన అంశములు కొలదియే. సంఖ్యావధికి ఖాళీలు లేని ఎన్ డాష్. అధ్యాయ పాద సూత్రములకును ఆశ్వాస పద్యములకును నడుమ బిందువు. సంధికి సంకలనచిహ్నము, సమాసవిభాగమునకు హైఫను. మూలపాఠమున పరిష్కర్త గీతలు నిషిద్ధము, అనివార్యమైనచో పీఠికలో నివేదనము. పంక్తి చివర ఐచ్ఛికమైన హైఫను. విసర్గకు విసర్గయు కోలనునకు కోలనును. ఇంతకు మించి కోరినచో పాటించువారు ఉండరు. ఇంతకు తగ్గినచో ప్రయోజనము ఉండదు.

విద్యార్థులకు పాఠపరిష్కరణము బోధించునపుడు తాళపత్రలిపిని, వ్రాయసకాండ్ర స్ఖాలిత్యములను, పాఠాంతరములను పరిచయము చేయుట పరిపాటి. ఆ బోధనలో యంత్రలేఖనపు స్ఖాలిత్యములకును ఒక గంట కేటాయించుట అవసరము. ఒకనాటి వ్రాయసకాడు వలపలగిలకను మఱచిన దోషము ఆ ప్రతికిని, దానినుండి పుట్టిన ప్రతులకును పరిమితము. నేటి వ్రాయసకాడు పెట్టిన దోషము క్షణములో వేయి ప్రతులకు వ్యాపించును. పూర్వులు పదములోపలి విరామమునకు సైతము కాలమును కొలిచి, స్వరము చెడకుండ వేదమును కాపాడిరి. కాగితముపై మాత్రను కొలుచుటకు అంత తపస్సు అక్కఱలేదు. సరియైన మీటను నొక్కుటయు, ప్రూఫు దిద్దునపుడు అక్షరములతోపాటు గీతలను చూచుటయు చాలును.